యాంటెన్నాకు కాస్త చోటివ్వండి!

"హలో... హలో... వినబడుతోందా?"

గల్ఫ్‌లో ఉన్న తెలుగువాళ్లం ఫోన్‌లో ఎక్కువసార్లు అనే మాట ఏదని పందెం వేస్తే ఇదే గెలుస్తుంది. అటు నుంచి అమ్మ "ఆఁ, చెప్పు నాన్నా" అనేలోపే గొంతు తెగిపోతుంది. వెంటనే ఫోన్‌ను తిట్టుకుంటాం, నెట్‌వర్క్‌ను తిట్టుకుంటాం, చివరికి ఫోన్‌ను అరచేతిలో రెండుసార్లు తట్టి చూస్తాం. ఇంత తతంగంలో అసలు పని చేసే బుల్లి రేకుముక్క పేరు మాత్రం ఎవరూ తలవరు. అదే యాంటెన్నా!

నేను దోహాలో రేడియో నెట్‌వర్క్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. ఉగాదికి కలిసినా, దసరాకు కలిసినా మనవాళ్లు నన్ను అడిగేది ఒక్కటే: "ఏమండీ, మా ఇంట్లో సిగ్నల్ ఎందుకు రాదు?" అందరికీ కలిపి ఈ వ్యాసంలో జవాబు చెబుదామని ప్రయత్నం. క్లుప్తంగా చెప్పాలంటే, సిగ్నల్ అందాలంటే బలం ఒక్కటే చాలదు. యాంటెన్నాకు చోటు కావాలి, దారి కావాలి. ఆ రెండూ చాలావరకు మన చేతిలోనే ఉన్నాయి.

వీణ తీగ, రేడియో తీగ

వీణ తీగను మీటితే గాలి కంపించి మనకు స్వరం వినిపిస్తుంది. యాంటెన్నా కూడా అలాంటి తీగే. అందులో కరెంటు సెకనుకు కోట్లసార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపుకు తరంగాలు పుట్టి బయటికి వెళతాయి. దూరాన ఇంకో తీగకు ఆ తరంగాలు తగిలితే అందులో చిన్న కరెంటు పుడుతుంది. ఇంతే సంగతి! 1880ల చివర్లో జర్మనీలో హైన్‌రిష్ హెర్ట్జ్ చేసి చూపించింది ఇదే. ఈ రోజు మన జేబులో జరుగుతున్నదీ ఇదే.

వీణ తీగ పొడవును బట్టి స్వరం మారినట్టే, యాంటెన్నా పొడవును బట్టి అది పలికే ఫ్రీక్వెన్సీ మారుతుంది. తరంగం పొడవులో సగమో, పావు వంతో ఉంటే యాంటెన్నా హాయిగా పలుకుతుంది. పిల్లలూ, లెక్క చాలా తేలిక. 300ను మెగాహెర్ట్జ్ సంఖ్యతో భాగిస్తే తరంగం పొడవు మీటర్లలో వస్తుంది. 900 మెగాహెర్ట్జ్‌కు తరంగం పొడవు సుమారు 33 సెంటీమీటర్లు, అందులో పావు వంతు 8 సెంటీమీటర్లకు కాస్త పైన. వైఫై వాడే 2,400 మెగాహెర్ట్జ్‌కు పావు వంతు 3 సెంటీమీటర్ల పైచిలుకు. 5జీ వాడే 3,500 మెగాహెర్ట్జ్‌కు 2 సెంటీమీటర్ల పైచిలుకు.

పిట్ట కొంచెం, కూత ఘనం

మా తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది. తొలి సెల్‌ఫోన్లకు నెత్తిన పిలకలాంటి యాంటెన్నా ఉండేది. కొన్నింటికి మాట్లాడేముందు దాన్ని పైకి లాగాలి. 1999లో వచ్చిన నోకియా 3210తో ఆ పిలక లోపలికి వెళ్లిపోయింది. చూడటానికి ముచ్చటగా ఉంది కానీ, ఇంజనీర్లకు తలనొప్పి మొదలైంది. ఎనిమిది సెంటీమీటర్ల తీగను ఆ చిన్న డబ్బాలో బ్యాటరీ, స్క్రీన్, స్పీకర్ల మధ్య ఎక్కడ కుక్కాలి?

జవాబు: మడతపెట్టడం. చీరను మడతపెట్టి పెట్టెలో సర్దినట్టు, రేకును వంచి, గాట్లు పెట్టి, ఫోన్ లోపలి లోహపు పలకకు ఎదురుగా అమర్చారు. అయితే చీర మడతపెట్టినా చీరే. యాంటెన్నా అలా కాదు, మడతపెట్టిన కొద్దీ ఏదో ఒకటి వదులుకోవాలి. చిన్న యాంటెన్నా ఒక సన్నని ఫ్రీక్వెన్సీ పట్టీలోనే బాగా పలుకుతుంది, లేదా శక్తిలో కొంత వేడిగా పోగొట్టుకుంటుంది. ఈ హద్దు గురించి 1948లోనే ఎల్.జె. చు అనే శాస్త్రవేత్త లెక్క గట్టి చూపించారు. ఎంత తెలివైన ఇంజనీరైనా ఆ హద్దు దాటలేడు. కొత్త ఫోన్ ఎంత సన్నగా ఉంటే అంత గొప్ప అని మనం మురిసిపోతాం. ఆ సన్నదనానికి ఎక్కువగా మూల్యం చెల్లించేది యాంటెన్నాయే.

ఇప్పటి ఫోన్‌లో యాంటెన్నా ఒక్కటే ఉండదు. మాటలకు, ఇంటర్నెట్‌కు నాలుగైనా ఉంటాయి. వైఫైకి, బ్లూటూత్‌కు, దారి చూపే జీపీఎస్‌కు వేరే ఏర్పాటు. దుకాణంలో ఫోన్ ఆనించి డబ్బు కట్టడానికి వెనకవైపు ఒక తీగచుట్ట. మీ ఫోన్‌కు లోహపు అంచు ఉంటే, దాని మీద అక్కడక్కడ ప్లాస్టిక్ గీతలు కనిపిస్తాయి చూడండి. అవి అందం కోసం పెట్టినవి కావు. ఆ అంచే యాంటెన్నా. ఒక ముక్కను ఇంకో ముక్క నుంచి విడదీసేవే ఆ గీతలు.

అరచేతిలో అడ్డుగోడ

ఈ గీతల కథ ఒకసారి ప్రపంచమంతా మారుమోగింది. 2010లో ఆపిల్ సంస్థ ఐఫోన్ 4 విడుదల చేసింది. చుట్టూ ఉన్న స్టీలు పట్టీయే యాంటెన్నా. ఎడమచేత్తో పట్టుకుంటే కిందివైపు ఉన్న గీత మీద అరచెయ్యి ఆని, రెండు ముక్కలూ కలిసిపోయేవి. సిగ్నల్ గీతలు టపటపా పడిపోయేవి! ఆ ఏడాది జూలై 16న స్టీవ్ జాబ్స్ పత్రికలవారిని పిలిచి, కొన్నవారందరికీ ఉచితంగా తొడుగు ఇస్తామని ప్రకటించారు. రబ్బరు తొడుగు వేస్తే చెయ్యి నేరుగా లోహానికి తగలదు, అదీ ఆ తొడుగు మహిమ. 2011లో వచ్చిన ఐఫోన్ 4ఎస్‌లో రెండు యాంటెన్నాలలో ఏది బాగా పలికితే దానికి మారే ఏర్పాటు చేశారు.

చెయ్యి ఎందుకు అడ్డం? మన ఒంట్లో ఎక్కువ భాగం ఉప్పునీరే కదా! నీరు రేడియో తరంగాలను పీల్చేస్తుంది. పైగా చెయ్యి ఆనితే యాంటెన్నా శ్రుతి తప్పుతుంది. వీణ తీగ మీద వేలు పెట్టి మీటినట్టే. ఈ నష్టాన్ని మేము డెసిబెల్స్‌లో కొలుస్తాం. 3 డెసిబెల్స్ పోతే సిగ్నల్ సగమైనట్టు, 10 పోతే పదో వంతు మిగిలినట్టు, 20 పోతే నూరో వంతు.

ఒక మంచి మాట కూడా ఉంది. సిగ్నల్ బాగుంటే ఫోన్ తన శక్తిని తానే తగ్గించుకుంటుంది. బాగాలేకపోతే గొంతు చించుకుని అరుస్తుంది. అందుకే సిగ్నల్ లేని చోట బ్యాటరీ త్వరగా ఖాళీ అవుతుంది, ఫోన్ వేడెక్కుతుంది. పిల్లల చెవి దగ్గర ఫోన్ పెట్టే తల్లిదండ్రులు గుర్తుంచుకోవలసిన విషయం ఇది. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఎక్కువసేపు చెవికి ఆనించి మాట్లాడనివ్వకండి. ఇయర్‌ఫోన్ వాడినా, స్పీకర్ పెట్టినా ఫోన్ ఒంటికి దూరమవుతుంది. శరీరం పీల్చుకునే శక్తికి ప్రభుత్వాలు హద్దు పెట్టాయి. మన దేశంలో 2012 సెప్టెంబరు నుంచి ఆ హద్దు కిలోకు 1.6 వాట్లు. ఫోన్ కొనేటప్పుడు పెట్టె మీద, పుస్తకంలో ఆ అంకె చూసుకోవచ్చు.

అద్దాల మేడలు, రేకుల గదులు

ఇక మన దోహా సంగతికి వద్దాం. వెస్ట్ బే మేడలు ఎండకు ధగధగ మెరుస్తుంటాయి. ఆ మెరుపుకు కారణం అద్దం మీద పూసిన అతి పల్చని లోహపు పొర. అది వేడిని వెనక్కి తిప్పి ఏసీ బిల్లు తగ్గిస్తుంది. దానితోపాటే రేడియో తరంగాన్నీ వెనక్కి తిప్పుతుంది! ఇలాంటి అద్దం దాటేసరికి సిగ్నల్ నూరో వంతుకు పడిపోవడం మామూలే. కిటికీలోంచి టవర్ కళ్లెదుటే కనిపిస్తున్నా ఫోన్‌లో గీతలు ఉండవు. "టవర్ పక్కనే ఉంది కదండీ!" అని అడిగేవారికి ఇదే జవాబు. పెద్ద భవనాలలో, మాల్స్‌లో పైకప్పుకు తెల్లని చిన్న బుడిపెల్లాంటివి కనిపిస్తాయి. అవి లోపలివాళ్ల కోసం పెట్టిన యాంటెన్నాలు. బయటి నుంచి రాని తరంగాన్ని కేబుల్ ద్వారా లోపలికి తెచ్చి, అక్కడ పలికిస్తారన్నమాట.

అద్దాల మేడల్లో ఉన్నవారికి ఇది చిరాకు మాత్రమే. రేకుల గదుల్లో ఉన్నవారికి ఇది గుండెకోత. ఒక వేసవి శుక్రవారం సంఘం మిత్రులతో కలిసి ఒక లేబర్ క్యాంపుకు వెళ్లాను. వరుసగా పోర్టా క్యాబిన్లు, గోడలు రేకు, పైకప్పు రేకు. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక తమ్ముడు బయట గోడ నీడన కూర్చుని ఫోన్ చేతిలో పట్టుకుని ఉన్నాడు. ఇంత వేడిలో బయట ఎందుకని అడిగాను.

"లోపటికి పోతె సిగ్నల్ రాదన్నా. బయటికొస్తె ఎండ. మొన్న మా అమ్మకు ఆపరేషన్ అయితుంటే ఇంటోళ్లు ఎన్నిసార్లు చేసిన్రో! నైట్ డ్యూటీ చేసొచ్చి లోపట పండుకున్న. పొద్దుమీకినంక బయటికొస్తె గాని తెల్వలే. మంచిగైంది గనుక సరిపాయె, ఏమన్నయితె?"

ఆ చివరి మాటకు మా దగ్గర జవాబు లేదు. గదిని పరిశీలిస్తే కారణం తెలిసింది. రేకుల గది అంటే నాలుగు వైపులా, పైనా మూతపెట్టిన స్టీలు డబ్బాయే. తరంగం లోపలికి రావడానికి ఉన్నది ఒక్క చిన్న కిటికీ. వైఫై పెట్టెను కూడా బయట గోడకు తగిలించారు. అది వాకిటికి బాగానే అందుతోంది, గదుల్లోకి పోవడం లేదు. క్యాంపు బాధ్యులతో మాట్లాడాం. ఖర్చు తక్కువే కాబట్టి వాళ్లు ఒప్పుకున్నారు. కేబుల్‌ను లోపలికి లాగి, ఒక్కో గదిలో ఒక చిన్న వైఫై పెట్టె పెట్టించాం. పడుకునేటప్పుడు ఫోన్‌ను దిండు కింద కాకుండా, కిటికీ పక్కన గుడ్డసంచిలో వేలాడదీయమని అందరికీ చెప్పాం. శక్తి పెంచలేదు, కొత్త టవర్ కట్టలేదు. యాంటెన్నాకు దారి ఇచ్చాం, అంతే. ఇప్పుడు ఆ తమ్ముడు మంచం మీద కూర్చునే వాళ్లమ్మతో మాట్లాడుతున్నాడు.

గాదంకి పొలం నుంచి 5జీ పెట్టె దాకా

2018 మే నెలలో ఖతర్‌లోని ఊరీడూ సంస్థ 3.5 గిగాహెర్ట్జ్ పట్టీలో 5జీ సేవ మొదలుపెట్టి, ప్రపంచంలో వాణిజ్య 5జీ నెట్‌వర్క్ తమదే మొదటిదని ప్రకటించింది. అప్పటికి మార్కెట్లో 5జీ సెల్‌ఫోన్లే రాలేదు! ఫోన్ల కంటే ముందే యాంటెన్నాలు మేడలెక్కి కూర్చున్నాయన్నమాట.

ఆ 5జీ పెట్టెలో ఉన్న కిటుకు మన తెలుగునేల మీద ఎప్పుడో ఉంది. తిరుపతి దగ్గర గాదంకిలో 1990ల నుంచి ఒక పెద్ద వాతావరణ రాడార్ పనిచేస్తోంది. చదువుకునే రోజుల్లో దాన్ని చూడటానికి వెళ్లాను. నాలుగెకరాలకు పైబడిన మైదానంలో, వరుసకు 32 చొప్పున 32 వరుసలు, మొత్తం 1,024 యాంటెన్నాలు నారుమడిలా నిలబడి ఉన్నాయి. ఒక్కటీ కదలదు. అయినా ఆకాశంలో కావలసిన దిక్కుకు తరంగాన్ని తిప్పుతాయి. అదెలా?

డిసెంబరు 18న ఖతర్ జాతీయ దినోత్సవాలలో సైనికుల కవాతు చూసే ఉంటారు. వరుస మలుపు తిరగాలంటే ఈ చివరి సైనికుడు చిన్న అడుగులు, ఆ చివరి సైనికుడు పెద్ద అడుగులు వేస్తాడు. వరుస చెదరకుండా మొత్తం తిరిగిపోతుంది. యాంటెన్నాల వరుసలోనూ ఒక్కోదానికి రవ్వంత ముందూ వెనకా తేడాతో కరెంటు పంపితే, తరంగాల వరుస మొత్తం కోరిన దిక్కుకు తిరుగుతుంది. పడవవాళ్లు "హైలెస్సా" అంటూ కలిసి తెడ్లు వేసినట్టు, ఆ దిక్కున అన్నిటి బలం కలుస్తుంది.

గాదంకి రాడార్ 53 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తుంది. తరంగం పొడవు అయిదు మీటర్ల పైమాటే. అందుకే అంత మైదానం కావాలి. 3,500 మెగాహెర్ట్జ్‌కు తరంగం తొమ్మిది సెంటీమీటర్లు కూడా లేదు. అందుకే నారుమడి మొత్తం ఒక పెట్టెలోకి ఒదిగిపోతుంది. కొన్ని రకాల 5జీ పెట్టెల్లో 192 బుల్లి యాంటెన్నాలు ఉంటాయి. అవి మీరు నడిచే వైపుకు సిగ్నల్‌ను టార్చిలైటులా తిప్పుతూ ఉంటాయి. 2022 డిసెంబరు 18న లుసైల్ స్టేడియంలో ప్రపంచకప్ ఫైనల్‌కు 88,966 మంది హాజరయ్యారు. అంతమంది ఒక్కచోట చేరినప్పుడు ఒక్క పెద్ద యాంటెన్నా అరిస్తే ఎవరికీ వినబడదు. అందుకే ఇలాంటి స్టేడియాలలో సన్నని వెలుగులాంటి సిగ్నల్ ఇచ్చే యాంటెన్నాలు చాలా పెట్టి, జనాన్ని చిన్న చిన్న భాగాలుగా పంచుకుంటారు.

వంటింటికి అందనిది, అంతరిక్షానికి అందింది!

2018 నవంబరు 15న ఖతర్‌కు చెందిన ఎస్‌హైల్-2 ఉపగ్రహం నింగికెగిరింది. అందులో టీవీ ప్రసారాలతోపాటు హ్యామ్ రేడియో అభిమానుల కోసం ఒక పరికరం పెట్టారు. భూమితోపాటే తిరుగుతూ ఒకేచోట నిలిచినట్టు కనిపించే కక్ష్యలో అలాంటిది అదే మొదటిది. బ్రెజిల్ నుంచి థాయ్‌లాండ్ దాకా, మధ్యలో మన తెలుగు రాష్ట్రాలు సహా, లైసెన్సు ఉన్న ఔత్సాహికులు దాని ద్వారా మాట్లాడుకోవచ్చు. దానికి భూమి నుంచి మాట పంపే ఫ్రీక్వెన్సీ ఎంతో తెలుసా? సుమారు 2,400 మెగాహెర్ట్జ్. అంటే మన వైఫైకి పక్కింటిదే!

హాల్లో పెట్టిన వైఫై వంటింటికి అందదు. అదే కోవలోని తరంగం కొద్ది వాట్ల శక్తితో సుమారు 36,000 కిలోమీటర్లు వెళుతుంది. తేడా ఎక్కడుంది? అక్కడ మధ్యలో గోడలు లేవు. మాట ఒక్కటే పంపుతారు, సినిమాలు కాదు. అన్నిటికన్నా ముఖ్యం, 80 సెంటీమీటర్ల డిష్ ఆ శక్తినంతా ఒకే దిక్కుకు పోగుచేసి, ఆ దిక్కున దాదాపు 200 రెట్లు బలంగా పంపుతుంది. చోటు, దారి, దిశ. మూడూ కుదిరితే చిన్న శక్తి కూడా ఎంత దూరం పోతుందో చూడండి.

మన ఇంట్లో ఏం చేద్దాం?

వైఫై పెట్టెను టీవీ వెనక, ఇనుప బీరువా పక్కన, చేపల తొట్టె వెనక పెట్టకండి. లోహం తరంగాన్ని తిప్పికొడుతుంది, నీరు పీల్చేస్తుంది. ఇంటి మధ్యలో, నిలబడితే తలకు పైన ఉండేంత ఎత్తులో పెట్టండి.

పుల్లలాంటి యాంటెన్నా చుట్టూ సిగ్నల్ మినపగారె ఆకారంలో ఉంటుంది. పుల్ల గారె చిల్లులో ఉన్నట్టు. పక్కలకు బాగా వెళుతుంది, పుల్ల కొస వైపుకు దాదాపు పోదు. ఒకే అంతస్తు ఫ్లాటైతే పుల్లలను నిటారుగా ఉంచండి. రెండంతస్తుల విల్లా అయితే ఒకదాన్ని అడ్డంగా పడుకోబెట్టి చూడండి. పై గదికీ కాస్త అందుతుంది.

సీలైన్ దాటి ఖోర్ అల్ అదైద్ వైపు ఇసుక తిన్నెలలోకి వెళ్లేవారు ఒంటరిగా వెళ్లకండి. బయలుదేరే ముందే ఎక్కడికి వెళుతున్నారో ఇంట్లో చెప్పండి. బండి ఇసుకలో కూరుకుపోయి సిగ్నల్ లేకపోతే, తిన్నె వెనక పల్లంలో నిలబడి ప్రయత్నించడం దండగ. చేరువలోనే ఎక్కగలిగిన తిన్నె ఉంటే దాని మీదికెక్కి, ఫోన్‌ను ఒంటికి దూరంగా ఎత్తి పట్టుకుని, స్పీకర్ పెట్టి 999కు చేయండి. బండి కనిపించనంత దూరం మాత్రం పోవద్దు. మాట అందనిచోట చిన్న మెసేజ్ అందవచ్చు. నెట్‌వర్క్ లేకపోయినా జీపీఎస్ ఉపగ్రహాల నుంచి పనిచేస్తుంది కాబట్టి, మీరున్న చోటు అంకెలు రాసిపెట్టుకుని ఆ మెసేజ్‌లో పంపండి.

పిల్లల కోసం మూడు ప్రయోగాలు

1. ఒక ఫోన్‌ను వంటింటి అల్యూమినియం కాగితంలో ఎక్కడా సందు లేకుండా రెండు చుట్లు చుట్టండి. ఇంకో ఫోన్ నుంచి రింగ్ ఇవ్వండి. మోగిందా? ఇప్పుడు ఒక చివర వేలు పట్టేంత చిల్లు చేసి మళ్లీ చేయండి. చిల్లును కొద్దికొద్దిగా పెంచుతూ ఎప్పుడు మోగుతుందో రాసుకోండి.

2. చాలా ఫోన్లలో సెట్టింగ్స్‌లోని "ఫోన్ గురించి" అనే చోట సిగ్నల్ బలం డి.బి.ఎమ్. అంకెల్లో కనిపిస్తుంది. అంకె ముందు మైనస్ ఉంటుంది. మైనస్ 70 కంటే మైనస్ 100 వెయ్యి రెట్లు బలహీనం. ఫోన్‌ను బల్ల మీద పెట్టి ఒకసారి, రెండు చేతులతో గట్టిగా మూసి ఒకసారి చూడండి.

3. ఇంటి పటం గీసి ప్రతి గదిలో, కిటికీ దగ్గర, గది మధ్యలో ఈ అంకెలు రాయండి. మంచి అంకెలకు ఆకుపచ్చ, చెడ్డవాటికి ఎరుపు రంగు వేయండి. మా ఉద్యోగంలో మేము ఊరంతా తిరిగి గీసే పటం ఇలాంటిదే.

పటం పూర్తయ్యాక ఆకుపచ్చగా ఉన్న మూల ఏదో చూసి, అక్కడ ఒక కుర్చీ వేయండి. ఊళ్లో ఉన్న అమ్మమ్మకు, తాతయ్యకు ఫోన్ చేసే కుర్చీ అది. వాళ్ల మాట తెగిపోకుండా మీ ఇంటికి చేరాలని కోరుకుంటున్నాను.